రాజుగారి నాలుక మీద పొడపత్రి

చెరకువాడ అని ఒక రాజ్యం ఉండేది. ఏ దిక్కున ఉండేదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు గానీ, గాలి అటునుంచి వీస్తే ఉడుకుతున్న పాకం వాసన వచ్చేదని మాత్రం చెబుతారు. అక్కడ వరి తక్కువ, చెరకు ఎక్కువ. గానుగ లేని ఊరు లేదు. పిల్లవాడు పుడితే నాలుక మీద బెల్లం నీళ్ళు పోసేవారు, పెద్దవాడు పోతే పాడె మీద బెల్లం అచ్చు పెట్టేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరి నోరూ చేదుగా ఉండకూడదు. చేదు మందు మింగినా, చేదు మాట విన్నా వెంటనే ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలి. దాన్ని నోటితీపి అనేవారు. నోటితీపి తిండి కింద జమ కాదు, ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా తినవచ్చు. ఎవరింటికైనా చావు కబురు మోసుకుపోయేవాడు ఉత్తరీయం చెంగున బెల్లం కట్టుకుని మరీ బయల్దేరేవాడు. కొలువులో ఎవరికైనా ఉరిశిక్ష పడితే, ఆ ఉరి తీసేదాకా పూటపూటా కూటితోపాటు బెల్లం ముక్క పెట్టేవారు. అంత మర్యాదస్తులు వాళ్ళు.

అలాంటి రాజ్యానికి ఇమ్మడి భైరవరాజు రాజు. ఆయన బిరుదులన్నీ చదువుతూ కూర్చుంటే విస్తట్లో అన్నం చల్లారిపోతుంది కాబట్టి చదవను. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, "అది మాకు ముందే తెలుసు" అనేవాడు. దుర్మార్గుడు కాడు. పొగడ్త వినపడగానే కళ్ళు అరమోడ్చేవాడు, అంతే. ఆ కళ్ళు మూసుకున్న కాస్త సేపట్లోనే రాజ్యంలో జరగరానివన్నీ జరిగిపోయేవి.

ఆయన్ని నవ్వించడానికి కొలువులో గుండన అనే హాస్యగాడు ఉండేవాడు. నడివయసు మనిషి, బక్కపలచటి వాడు. మాట తూటాలా ఉన్నా ఎవరికీ గాయం కాకుండా పేల్చడం అతనికి తెలుసు. ఈ కథ అతనిదే.

ఒక ఏడు వేసవిలో రాజుగారికి దాహం పట్టుకుంది. కూజాలకు కూజాలు ఖాళీ చేసినా తీరదు. కొలువు మధ్యలో లేచి లేచి పోయేవాడు. నిండుగా ఉండే మనిషి తగ్గిపోయి, చేతి కడియాలు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. ఇవన్నీ ఒక ఎత్తు, చీమలు ఒక ఎత్తు. రాజుగారు మూత్రానికి పోయిన చోటల్లా బారులు తీరి చీమలు పట్టేవి. దాసీలు అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సంగతి కొలువు దాకా పాకింది.

ఆస్థాన పండితుడు నృకేసరి శాస్త్రికి అవకాశం దొరికింది. నిండు కొలువులో లేచి, మహారాజు నిలువెల్లా అమృతమే కాబట్టి, ఆ అమృతం ఒంట్లో పట్టక పొంగి పొర్లుతోందనీ, నోరు లేని చీమలు కూడా అది గ్రహించి ప్రసాదానికి వస్తున్నాయనీ ప్రకటించాడు. రాజు కళ్ళు అరమోడ్చాడు. సభ అంతా ఆహా అంది. శాస్త్రికి శాలువా కప్పారు.

గుండన మాత్రం ఆహా అనలేదు. అతనికి తన తల్లి గుర్తుకు వచ్చింది. అతని తల్లికి కూడా ఇలాగే దాహం వేసేది, ఇలాగే చీమలు పట్టేవి. ముందు చూపు మందగించింది. తర్వాత కాలి మీద చిన్న పుండు లేచి మానకుండా పెద్దదైంది. ఆఖరికి కాలు పోయింది, కాలు వెనకాలే ఆమె పోయింది. ఆ చివరి రోజుల్లో గదిలో ఉండే వాసన గుండన ఇప్పటికీ మరచిపోలేదు.

రాజుగారికి కొత్త చెప్పు కరిచి కాలివేలు పక్కన పొక్కు లేచింది. పొక్కు చితికి పుండయింది. పుండు మానలేదు. అప్పుడిక తప్పక వైద్యుడు ఓబళయ్యను పిలిపించారు. ఓబళయ్య పెద్దవాడు, మాటకారి కాదు. గుండన తల్లికి చివరిదాకా వైద్యం చేసింది ఆయనే. ఆమె పోయిన నాడు, ముందే వచ్చి ఉంటే బాగుండేదని, తన తప్పేమీ లేకపోయినా తలవంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటినుంచి గుండనకు ఆయన ఇంట్లో మనిషి.

ఓబళయ్య నాడి చూశాడు, చీమల సంగతి అడిగాడు, ఇది మధుమేహం అని చెప్పాడు. పొద్దున్నే కాకరకాయ రసం, నానేసిన మెంతులు, మధ్యాహ్నం నేరేడు గింజల పొడి, సాయంత్రం తిప్పతీగ కషాయం రాసిచ్చాడు. అన్నిటికీ ముందు పొడపత్రి ఆకులు నాలుగు నోట్లో వేసుకుని బాగా నమలమన్నాడు. ఇవేవీ జబ్బును వేళ్ళతో సహా పీకేసేవి కావనీ, తీపి మానితేనే ఆసరాగా నిలబడతాయనీ, రోజూ కాళ్ళు కదిలేలా నడవాలనీ కూడా చెప్పాడు. మందుల మాట రాజుగారు విన్నాడు. మిగతాది మాకు ముందే తెలుసు అన్నాడు.

ఇక చూడండి అంతఃపురంలో జరిగింది. కాకర రసం తాగగానే, నోరు చేదుగా ఉండకూడదు గనుక, నోటితీపి కింద ఒక అరిసె. మెంతులకు ఒక పూర్ణం. నేరేడు పొడికి కజ్జికాయ. తిప్పతీగ మరీ చేదు కాబట్టి దానికి సున్నుండలు. రాజుగారి నోటితీపి అంటే మనలా బెల్లం ముక్కతో సరిపెడతారా? పొడపత్రి ఆకు రాజనాలుకకు తగలడమే అపచారమని, దాన్ని పొడి చేసి, బెల్లం ఉండలో పెట్టి మింగించారు. ఏ తప్పూ చేస్తున్నామని ఎవరూ అనుకోలేదు. నోటితీపి తిండి కాదు గదా. మందులు పెరిగిన కొద్దీ మిఠాయిలు పెరిగాయి. పుండు నల్లబడింది.

సంగతి ఓబళయ్యకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే ఆయన తిన్నగా కొలువుకు వచ్చి, పదిమందిలో అనేశాడు.

"ప్రభూ, మీరు నా మందు తాగడం లేదు. నా మందు పేరు చెప్పి బెల్లం తింటున్నారు. ఆ నోటితీపి మీ పాలిట విషం."

 శాస్త్రి లేచి చెవులు మూసుకున్నాడు. తాతముత్తాతల ఆచారాన్ని విషమన్నాడనీ, అమృతమూర్తిని రోగి అన్నాడనీ, ఇంతకు మించిన రాజద్రోహం లేదనీ అన్నాడు. ఇన్నాళ్ళూ మందులిచ్చి పుండు మాన్పలేక ఇప్పుడు నెపం బెల్లం మీదికి నెడుతున్నాడని మంత్రులు కూడా వంత పాడారు. రాజు తన కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత ఓబళయ్యకు ఉరి అన్నాడు. కొత్త బెల్లం పండుగ దగ్గర్లోనే ఉంది, పండుగ ముందు ప్రాణం తీయడం అరిష్టం గనుక, పండుగ వెళ్ళిన మర్నాడు అన్నాడు. భటుడు వచ్చి ఓబళయ్య చేతిలో నోటితీపి పెట్టాడు.

ఆ సాయంత్రం కూడా గుండన కొలువులో హాస్యం చెప్పాల్సి వచ్చింది. చెప్పాడు. రాజు నవ్వాడు. ఇంటికి వచ్చి గుండన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఏదో ఒక మాట వేసి రాజును మళ్ళించవచ్చని మొదట్లో అనుకున్నాడు. రోజులు గడిచాయి. ఒక రోజు కథ చెప్పాడు, ఒక రోజు పొడుపుకథ వేశాడు, ఒక రోజు కాళ్ళ మీద పడ్డాడు. మొదటి రెండింటికీ రాజు నవ్వి ఊరుకున్నాడు, మూడోది కొత్త హాస్యమనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు. ఇన్నేళ్ళు నవ్వించి బతికినవాడు ఏడ్చినా ఎవరూ నమ్మరని గుండనకు ఆనాడు తెలిసింది. తన నోట ఇక ఒక్క మాటా పుట్టదనిపించింది. తన చేతకానితనం మీద తనకే అసహ్యం వేసింది.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం చెరసాలకు వెళ్ళాడు. ఓబళయ్య కటకటాల పక్కన కూర్చుని ఏదో నములుతున్నాడు. చెరసాల గోడ వెంబడి డొంకలో పొడపత్రి తీగ అల్లుకుని ఉంది. చెయ్యి బయటికి చాచి ఆకులు కోసుకున్నాడట.

ఎందుకని గుండన అడిగాడు.  జీవితమంతా ఈ ఆకులనే నమ్ముకున్నాననీ, ఎంతమందికి ఇచ్చానో గుర్తు లేదనీ, నీ తల్లికి ఇచ్చినా ఆమె నిలవలేదనీ, రాజుకిచ్చినా పుండు ఆగలేదనీ, పోయేముందు ఆకు అబద్ధమో తాను అబద్ధమో తేల్చుకుందామని నోట్లో వేసుకున్నాననీ ఓబళయ్య నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అంతలో భటుడు కూడూ, దాని పక్కన మామూలుగా బెల్లం ముక్కా పెట్టి వెళ్ళాడు. ఓబళయ్య ఆ ముక్క నోట్లో వేసుకుని, నమిలి, జీవం లేని నవ్వు నవ్వాడు.

"ఇసుక," అన్నాడు. "ఆకు నిజమే గుండయ్యా. నమిలినవాడికి కాసేపు తీపి తెలియనివ్వదు. తేనె పోసినా నీళ్ళే. రెండు ఘడియలు పోతే నాలుక మళ్ళీ మామూలే. నేను నమలమన్నది అందుకు కూడా. తీపి తెలియకపోతే తినాలనే యావ తగ్గుతుందని. దాన్ని వాళ్ళు బెల్లంలో పెట్టి మింగించారు."

 గుండన లేచి వెళ్ళేటప్పుడు డొంక దగ్గర ఆగి, లేత ఆకులు చూసి చూసి కోసుకుని పంచె మడతలో దోపుకున్నాడు. ఏం చేయబోతున్నాడో ఓబళయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన ఒప్పుకోడు. ధైర్యం వచ్చిందని అనుకోకండి, రాలేదు. పోతే పోయేది ఒక తల బదులు రెండు తలలే అని తేల్చుకున్నాడు, అంతే.

కొత్త బెల్లం పండుగ అంటే ఏమిటో చెప్పాలి. ఆ ఏటి చెరకుతో వండిన తొలి బెల్లాన్ని కోట ముందు మైదానంలో రాజు రుచి చూస్తాడు. చూసి, "తీపి" అని బిగ్గరగా ప్రకటిస్తాడు. ఆ మాట అనేదాకా, ముందుగా రుచి చూసే ఆస్థాన పండితుడు తప్ప రాజ్యంలో ఎవరూ కొత్త బెల్లం తినకూడదు, ఒక్క బండి కదలకూడదు. వెనక ఎప్పుడో ఒక రాజు నోరు బాగోక ఆ మాట అనలేదట. రైతులు బళ్ళకు బళ్ళు బెల్లం ఏట్లో పారబోసుకుని, ఆ ఏడంతా గంజికి మొహం వాచారట. రుచి చూసే ముందు నాలుక శుద్ధి కోసం రాజు తులసి నమలాలి. చిన్నపని కాబట్టి ఆ తులసి పళ్ళెం పట్టుకునే మర్యాద హాస్యగాడిది.

మర్నాడు మైదానం నిండా బళ్ళే. కాడి దింపిన ఎడ్లు, కొత్త బట్టలు కట్టిన రైతులు, భుజాల మీద పిల్లలు. రాజుగారిని పల్లకిలో తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. కాలికి పట్టు గుడ్డ చుట్టి ఉంది. పట్టు గుడ్డ కింద నుంచి తల్లి గదిలోని ఆ వాసనే గుండన ముక్కుకు తగిలింది. 

గుండన తులసిలో కలిపిన పొడపత్రిని రాజు నమిలాడు. మొహం చిట్లించి, ఇదేం రుచిరా అన్నాడు. ఈ ఏడు వానలు లేక తులసికి వగరు వచ్చింది ప్రభూ, బాగా నమిలితే పోతుందన్నాడు గుండన. రాజు ఇంకా నమిలాడు.

శాస్త్రి ముందుగా ఆచారం ప్రకారం కొత్త బెల్లం చిదిపి రుచి చూసి, అమృతతుల్యం అని శ్లోకం చదివాడు. తర్వాత బంగారు పళ్ళెంలో అచ్చు రాజుగారి ముందుకు వచ్చింది. రాజు ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. దవడలు ఆడాయి. ఆగాయి. మొహంలో రంగు పోయింది. మైదానం అంతా ఆయన నోటివైపే చూస్తోంది.

రాజు పక్కకు వంగి, పెదవులు కదపకుండా, "గుండనా, నోట్లో ఇసుక పోసినట్టుందిరా" అన్నాడు.

 గుండన వేసిన ఎత్తులో ఈ చోట చీకటే, ఇక్కడ రాజు ఏమంటాడో అతను ముందుగా ఆలోచించుకోలేదు. ఇక్కడ రాజు తీపి అనకపోతే ఇన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలగదు. ఓబళయ్యను కాపాడబోయి ఊళ్ళకు ఊళ్ళను ముంచానా అని భయపడ్డాడు. రాజు బళ్ళ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు, మళ్ళీ పళ్ళెం వైపు చూశాడు. తర్వాత ఇసుక మింగి లేచి నిలబడ్డాడు. ఆ కాలి మీద ఆయన నిలబడి చాలా రోజులైంది.

"తీపి," అన్నాడు.

కేకలు మిన్నుముట్టాయి. ఎడ్ల మెడలో గంటలు మోగాయి. బళ్ళు కదిలాయి. రాజు డేరాలోకి నడిచి కుప్పకూలాడు.

డేరాలో వరసగా పళ్ళేలు తెప్పించాడు. అరిసె ఇసుక. పూర్ణం ఇసుక. తేనె ఒట్టి నీళ్ళు. భైరవరాజు చిన్నపిల్లవాడిలా బెదిరిపోయాడు. బెల్లపు రాజ్యానికి నాలుక లేని రాజునయ్యానన్నాడు. శాస్త్రిని పిలిచి, కొత్త బెల్లం నాకు ఇసుకలా ఉంది, నువ్వు మళ్ళీ చూడు అన్నాడు.

శాస్త్రి ముక్క నోట్లో వేసుకున్నాడు. రాజు మొహంలోకి చూస్తూ నమిలాడు. వెంటనే తుపుక్కున ఉమ్మేశాడు. ఒట్టి ఇసుకే ప్రభూ, ఎవరో ద్రోహి కలిపాడు, ఇందాక గాలికి తెలియలేదు అన్నాడు. రాజు మంత్రికి పెట్టించాడు. మంత్రి కూడా ఇసుకే అన్నాడు. దండనాయకుడు పళ్ళు కరకరలాడుతున్నాయన్నాడు. వంటశాల అధికారి తన చేత్తో వండిన అరిసెనే నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి, ఇసుకేనని ఒప్పుకున్నాడు. అంత మంచి బెల్లాన్ని అంతమంది పెద్దమనుషులు వరసగా ఉమ్ముతుంటే గుండనకు నవ్వు రాలేదు. ఓబళయ్యను ఉరికి పంపింది ఈ నోళ్ళే కదా అనుకున్నాడు.

ఆఖరికి రాజు అతనికి ఇచ్చాడు. గుండన తిన్నాడు. తీరిగ్గా చప్పరించి మింగాడు.

"తీపిగా ఉంది ప్రభూ. మంచి బెల్లం."

"ఇంతమందికి ఇసుకైతే నీ ఒక్కడికి తీపెలా అయిందిరా?"

గుండన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తులసిలో పొడపత్రి కలిపిన సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఆకు నమిలినవాడికి రెండు ఘడియలు తీపి తెలియదని చెప్పాడు.

"ఆ ఆకు మీ ఒక్కరి నోట్లోనే ఉంది ప్రభూ," అన్నాడు. "వీళ్ళెవరి నోట్లోనూ లేదు."

 రాజు మెల్లగా తల తిప్పి ఒక్కొక్కరినే చూశాడు. శాస్త్రి మీసం మీద ఇంకా బెల్లం పొడి అంటుకుని ఉంది. ఆయన దాన్ని తుడుచుకోబోయి మానుకున్నాడు.

గుండన అంతటితో ఆపలేదు. మీకు ఇసుక అని తెలియగానే బెల్లాన్ని ఇసుక అన్నారు వీళ్ళు, మీకు వినాలని ఉందని తెలిసి మీ జబ్బును అమృతం అన్నదీ వీళ్ళే, అన్నాడు. రాజు చెయ్యి కత్తి మీద పడింది. కోపమంతా గుండన మీదికే తిరిగింది. పండుగనాడు, నిండు మైదానంలో, నా నాలుకను చంపి నన్ను అబద్ధమాడిస్తావా అన్నాడు.

"మీ నాలుక రెండు ఘడియల్లో తిరిగి వస్తుంది ప్రభూ. నా తల అలా రాదు. అందుకని ఒక్క మాట అడిగాక కొట్టండి. బయట ఇసుక నములుతూ తీపి అన్నారు. ఎందుకన్నారు?"

రాజు చూపు డేరా గుమ్మం వైపు పోయింది. "వాళ్ళు బతకాలని," అన్నాడు.

"ఓబళయ్య తీపిని విషం అన్నాడు. మీరు బతకాలని. మీరన్నది అబద్ధం, ఆయన అన్నది నిజం. అబద్ధం చెప్పిన మీకు జేజేలు కొట్టారు. ఆయనకు రేపు ఉరి."

కత్తి ఒరలోంచి సగం వచ్చి ఆగింది. రాజు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వుతున్నాడు. శాస్త్రి మీసం చూసి, చుట్టూ ఉమ్మిన బెల్లం చూసి, తన కాలి పట్టు గుడ్డ చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓబళయ్యను తీసుకురమ్మన్నాడు. తక్కినవాళ్ళందరినీ బయటికి పొమ్మన్నాడు.

గుండన గెలిచాడని మీకు అనిపించవచ్చు. అతనికీ ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఓబళయ్య వచ్చి పట్టు గుడ్డ విప్పేదాకా.

ఓబళయ్య వంగి చూసి, చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. ఆయన వీపు చూస్తేనే గుండనకు తెలిసిపోయింది. తల్లి దగ్గర కూడా ఆయన అలాగే వంగి ఉన్నాడు. చివరికి లేచి, రెండు వేళ్ళు ఇవాళే తీసెయ్యాలన్నాడు. అలా తీస్తే కాలు నిలుస్తుందేమో, నిలవదేమో, మాట ఇవ్వలేనన్నాడు. చూపు కూడా కొంత పోయిందనీ, పోయింది రాదనీ అన్నాడు. ఆకులూ పసర్లూ చేదుగానే ఉంటాయి, బతికినన్నాళ్ళూ తాగాలి, తాగినా జబ్బు పోదు, అదుపులో ఉంటే అదే గొప్ప అన్నాడు. కొన్ని నెలల ముందు అయితే వేరే మాట చెప్పేవాణ్ణి అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనను ఉరి తీయబోయినవాడి కోసం ఆ నీళ్ళెందుకో ఆయనకే తెలియాలి.

చేదు మాట విన్నారు గనుక, అలవాటు ప్రకారం సేవకుడు బంగారు పళ్ళెంలో బెల్లం తెచ్చి రాజు ముందు పెట్టాడు.

భైరవరాజు ఆ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు. "నాకు తెలుసురా గుండనా," అన్నాడు. ఈసారి ఆ మాటలో ఎప్పటి డాబు లేదు. "చీమలు ఎందుకొస్తాయో నాకు మొదటే తెలుసు. మా నాయన మంచం కిందా పట్టేవి. శాస్త్రి చెప్పింది వినడానికి బాగుంది. అందుకని విన్నాను."

  గుండన వెళ్ళి రాజు కాలి దగ్గర కూర్చున్నాడు.

కాసేపటికి రాజు నోట్లో తడి మింగి, నాలుక తిరిగి వస్తోందని చెప్పాడు. పాకం వాసన తెలుస్తోందట. చెయ్యి దానంతట అదే పళ్ళెం వైపు పోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. తన చేతిని తానే పట్టుకున్న తన అవతారం చూసుకుని ఆయన మళ్ళీ నవ్వాడు. ఈ నవ్వు వినడం గుండనకు కష్టమైంది.

"నన్నింత మోసం చేసినవాడికి బహుమానం ఇవ్వకుండా ఎలా పంపను?" అన్నాడు. "ఈ పళ్ళెం నీదిరా. మేలిమి బంగారం. బెల్లంతో సహా ఇప్పుడే తీసుకుపో, నా కళ్ళబడనివ్వకు. రేపు పొద్దున్నే ఇదే పళ్ళెంలో ఆ ఆకులు పట్టుకురా. నేను తిట్టినా పట్టుకురా. ఏడ్చినా పట్టుకురా."

గుండన పళ్ళెం తీసుకున్నాడు. ఆ బెల్లం దారిలో కనపడ్డ బండి ఎడ్లకు పెట్టాడు.

అప్పటినుంచి అతనికి కొలువులో హాస్యం చెప్పే పని తప్పింది. పొద్దున్నే డొంకలో ఆకు కోసి, పళ్ళెంలో పెట్టుకుని కోటకు పోవడమే పని. ఓబళయ్య పక్కన కూర్చుని కాకర రసం తాగించేవాడు. రెండు వేళ్ళు తీసినా పుండు ఇంకొంత పైకి పాకింది, ఒక ఏటికి ఆ కాలూ పోయింది. రాజు కొన్ని రోజులు ఆకు మాట్లాడకుండా నమిలేవాడు. కొన్ని రోజులు పళ్ళెం విసిరికొట్టేవాడు. కొన్ని రోజులు గుండన చెయ్యి పట్టుకుని ఒక్క అరిసె, ఒరే, ఒక్కటే అని బతిమాలేవాడు. గుండన ఇచ్చేవాడు కాడు. ఇంటికి పోయి అన్నం తినలేకపోయేవాడు. అంతఃపురంలో నోటితీపి ఆగిపోయింది గానీ ఊళ్ళలో ఆగలేదు. ఆచారం తప్పని ఊళ్ళకు చెప్పడానికి రాజు దగ్గర అంత ఆయుష్షు లేదు.

ఏటా కొత్త బెల్లం పండుగకు మాత్రం భైరవరాజును పల్లకిలో మైదానానికి తెచ్చేవారు. చూపు ఆనని కళ్ళతో బళ్ళ వైపు తిరిగి కూర్చునేవాడు. గుండన పళ్ళెం చాచేవాడు. రాజు ఆకు నమిలి, రవ్వంత బెల్లం నోట్లో వేసుకుని, ఇసుక మింగి, నవ్వుతూ "తీపి" అనేవాడు. మా రాజు నాలుకకు తెలిసినంత తీపి ఇంకెవరికీ తెలియదని మురిసిపోతూ రైతులు బళ్ళు తోలుకుపోయేవారు. ఖాళీ పళ్ళెం పట్టుకుని గుండన పక్కనే నిలబడి ఉండేవాడు.